ఒంగోలులో కారు చార్జింగ్: మ్యాప్‌లో పాయింట్ చూసి బయల్దేరే ముందు

విజయవాడ నుంచి నెల్లూరు వెళ్లే దారిలో ఒంగోలు దాదాపు సగంలో వస్తుంది. ఎలక్ట్రిక్ కారు చార్జింగ్‌కు మంచి మజిలీయే. అయితే ఇలాంటి ఊళ్లలో మ్యాప్‌లో కనిపించే పాయింట్లన్నీ మనం వెళ్లే వేళకు దొరకవు. షోరూంలో ఉన్నదైతే రాత్రిపూట, ఆదివారం గేటు వేసి ఉండొచ్చు. ఒకే గన్ (కారుకు తగిలించే చార్జింగ్ ప్లగ్) ఉన్నచోట ముందు ఇంకో కారుంటే గంట ఆగాల్సిందే.

అందుకని ఒంగోలు చేరేంత చార్జి ఉంటే చాలనుకోవద్దు. అక్కడ పని జరక్కపోతే తర్వాతి ఊరు చేరేంత మిగలాలి. ముందుకు కావలి, వెనక్కి చిలకలూరిపేట, రెండూ సుమారు 70 కి.మీ. 40.5 యూనిట్ల బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్ ఎలక్ట్రిక్ కారు హైవే మీద ఏసీతో 90లో పోతూ వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు తాగుతుందనుకుందాం. 70 కి.మీ.కు పదిన్నర యూనిట్లు, అంటే 26 శాతం. 35 శాతంతో ఒంగోలులో దిగితే నిశ్చింత. 15తో దిగితే ఆ ఒక్క మిషన్ దయ మీద ఉన్నట్టే.

రెండు మూడు కంపెనీల యాప్‌లు ఇంట్లోనే లాగిన్ చేసి, వాలెట్‌లో డబ్బు వేసుకోండి. బంకు దగ్గర సిగ్నల్ లేక ఓటీపీ రాకపోతే కష్టం. చార్జింగ్ స్టేషన్‌కు ఫోన్ చేసి ఈ రోజు ఏ కారుకైనా చార్జింగ్ అయిందా, గన్ సీసీఎస్-2 (ఇప్పటి కార్ల ఫాస్ట్ చార్జింగ్ ప్లగ్) యేనా అని అడగండి. పాత 15 కిలోవాట్ల భారత్ డీసీ-001 మిషన్ల గన్ ఇప్పటి కార్లకు పట్టదు. టైప్-2 ఏసీ (నెమ్మదిగా ఎక్కించే) పాయింట్లలో కొన్నిటికి సాకెట్ మాత్రమే ఉంటుంది, కేబుల్ మనదే.

ఎక్కువగా తేడా వచ్చేది గన్ పెట్టేటప్పుడే. కేబుల్ సాగకుండా కారు దగ్గరగా నిలపండి. గన్ బరువుకు కిందికి వాలితే లోపలి పిన్నులు సరిగా కూర్చోవు, కాసేపటికే ఎర్రర్ వస్తుంది. తిన్నగా నొక్కి, లాక్ టక్కుమని పడి యూనిట్లు కదిలేదాకా కింద చెయ్యి ఆనించి ఉంచండి. ఎర్రర్ వస్తే గన్ తీసి, కారు లాక్ చేసి, రెండు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. అప్పటికీ కాకపోతే మిషన్ మీది ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నొక్కుకుపోయి ఉందేమో సిబ్బందికి చూపించండి. చార్జింగ్ అయ్యాక గన్ ఊడకపోతే గుంజొద్దు. యాప్‌లో ఆపి, కీతో కారు అన్‌లాక్ చేస్తే వదులుతుంది.

60 కిలోవాట్ల మిషన్‌కు రెండు కార్లు పెడితే చాలాచోట్ల చెరి 30 వస్తుంది. ఎండాకాలం వేడికి ఇంకా తగ్గొచ్చు. 80 శాతం దాటాక వేగం పడిపోతుంది, తీసేసి వెనకవాళ్లకు దారివ్వండి. మధ్యలో కరెంటు పోయి వస్తే చాలా మిషన్లలో మళ్లీ మనమే స్టార్ట్ చేయాలి, కాబట్టి భోజనం చేస్తున్నా యాప్ చూస్తుండండి. రేటు మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది: యూనిట్ 20 రూపాయలైతే 24 యూనిట్లకు 566.40.

ఏదీ కుదరకపోతే లాడ్జిలో 15 ఆంప్స్ సాకెట్ అడగండి. పది గంటల్లో సుమారు 25 నుంచి 30 యూనిట్లు ఎక్కుతాయి. కారుతో వచ్చిన చార్జర్‌లో ఎర్రలైటు వెలిగితే చాలాసార్లు ఎర్తింగ్ లోపమే, అక్కడ వద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలే వద్దు. అరగంటకు ప్లగ్‌ను చేత్తో తాకి చూడండి, కాలుతుంటే ఆపేసి వేరే సాకెట్‌కు మార్చండి.