పాత ఎమ్‌జీబీ మిస్ అవుతుంటే ముందు కార్బొరేటర్ జోలికి వెళ్లకండి

బండి మిస్ అవుతోందని, అంటే ఏదో సిలిండర్ సరిగ్గా మండక ఇంజిన్ కుంటుతోందని చెప్పగానే మన దగ్గర చాలామంది మెకానిక్‌లు స్క్రూడ్రైవర్ తీసుకుని కార్బొరేటర్ తిప్పుతారు. ఎమ్‌జీబీ అనే ఈ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో ఇది రెండింతల నష్టం. అందులో ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్లు (గాలిని, పెట్రోలును కలిపేవి) రెండు ఉంటాయి, రెండూ ఒకదానికొకటి సరిపోయేలా సెట్ అయి ఉంటాయి. ఆ సెట్టింగ్ చెడిందంటే అసలు జబ్బేదో, మనం తెచ్చిపెట్టుకున్నదేదో తెలియకుండా పోతుంది. 1962 నుంచి 1980 దాకా వచ్చిన ఈ కారులోని 1798 సీసీ ఇంజిన్ మొండి ఘటం. మిస్ అవుతోందంటే నా అనుమానం మొదట కరెంటు మీదికే పోతుంది. ముందు స్పార్క్, తర్వాత పెట్రోలు, ఆఖరున ఇంజిన్ లోపల. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చాక నడిపి చూడండి.

ఏ సిలిండర్?

ఇంజిన్ స్లోలో ఉండగా ఇన్సులేషన్ ఉన్న ప్లయర్స్‌తో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి పెట్టండి. తీయగానే ఇంజిన్ ఇంకా కుంటితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే. తీసినా తేడా లేకపోతే దొంగ దొరికినట్టే. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించిన బండైతే వైరును గాలిలో వదలొద్దు, మాడ్యూల్ పోతుంది. వేరే ప్లగ్గు తగిలించి, దాన్ని ఇంజిన్‌కు ఎర్త్ చేయండి.

ఒక్క సిలిండరే అయితే దాని ప్లగ్గును పక్కదానితో మార్చండి. మిస్ కూడా పక్కకు వెళ్తే ప్లగ్గుదే తప్పు. గ్యాప్ 0.64 మి.మీ. ఉండాలి. వెళ్లకపోతే వైరు, ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ను ఒక్కో సిలిండర్‌కు పంచేది) మీది క్యాప్ చూడండి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2, ఒకటోది రేడియేటర్ వైపుది, క్యాప్ కింద రోటర్ తిరిగేది గడియారం ముల్లుకు ఎదురు దిశలో. ఎవరైనా చేయి పెట్టిన బండైతే ఈ వరుస కూడా సరిచూసుకోండి.

చల్లగా ఉంటే బాగుంటుంది, వేడెక్కాక మిస్

మే నెల మధ్యాహ్నం, పంజాగుట్ట ట్రాఫిక్. ఇంజిన్ జర్కులు కొట్టి ఆగిపోతే చుట్టూ చేరినవాళ్లంతా వేపర్ లాక్ (వేడికి పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడటం) అంటారు. తడిగుడ్డ వేస్తారు, కాసేపటికి స్టార్ట్ అవుతుంది, అందరూ నమ్మేస్తారు. కానీ స్పార్క్ పుట్టించే కాయిల్, దానికి తోడుండే కండెన్సర్ కూడా వేడికి చచ్చి, చల్లారాక లేచి కూర్చునేవే. అందుకే ఆగిన క్షణంలోనే స్పార్క్ చూడాలి. పెట్రోలు వాసన ఏమీ లేదని చూసుకుని, అదనపు ప్లగ్గును వైరుకు తగిలించి, ఎర్త్ చేసి, సెల్ఫ్ కొట్టించండి. నీలంగా, చురుగ్గా వస్తే పెట్రోలు వైపు వెళ్లండి. పసుపుగా, నీరసంగా వస్తే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పండి.

ఇప్పుడు సెల్ఫ్ కొడుతూ పాయింట్స్ (కాయిల్ కరెంటును తెంచి కలిపే చిన్న స్విచ్) విడిపోయే చోట చూడండి. చిన్న మెరుపు మామూలే. పెద్దగా మెరుస్తుంటే కండెన్సర్ పోయింది. ఒక పాయింట్ మీద గుంట, ఎదుటిదాని మీద బొడిపె కనిపించినా అనుమానం దాని మీదే. కొత్తది వేసి, పాయింట్స్ గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య పెట్టండి. పాత స్టాకులో వచ్చిన గట్టి కండెన్సర్ బాగా పనిచేస్తుంటే మాత్రం దాన్ని పారేయొద్దు, ఇప్పటి వాటిలో నాసిరకం ఎక్కువ. రోటర్ కూడా అంతే. నడుమ రివెట్ ఉన్న చౌక రోటర్లలో కరెంటు రివెట్ గుండా లోపలి షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. రివెట్ లేనిదే కొనండి. కాయిల్‌ను వేడిగా ఉన్నప్పుడే కొలవాలి. బలాస్ట్ (కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే రెసిస్టర్) లేని కార్లలో ప్రైమరీ చుట్ట 3 ఓమ్‌ల దగ్గర చూపించాలి.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు కుదుపు

దీనికి నేను మొదట చూసేది డిస్ట్రిబ్యూటర్ లోపలి చిన్న వైరు. గుడ్డ తొడుగున్న ఆ మెత్తటి వైరు బయటినుంచి పాయింట్స్‌కు కరెంటు తెస్తుంది. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్చే గాలితో స్పార్క్ సమయాన్ని ముందుకు జరిపేది) లాగినప్పుడల్లా పాయింట్స్ కూర్చున్న ప్లేటు కదులుతుంది, దానితో పాటు వైరూ వంగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి తీగలు తెగిపోతాయి, తొడుగు మాత్రం చెక్కుచెదరదు. మీటర్ పెట్టి వైరును వేళ్లతో అటూ ఇటూ వంచండి, రీడింగ్ ఊగితే అదే. ప్లేటు ఎర్త్ వైరుదీ ఇదే కథ. దారిలో తేల్చుకోవాలంటే వాక్యూమ్ పైపు తీసి, దాని నోరు మూసి, జూబ్లీహిల్స్ ఎక్కుడులో నడిపి చూడండి. కుదుపు పోతే తప్పు డిస్ట్రిబ్యూటర్లోనే ఉంది. బదులు వేసేటప్పుడు మామూలు ఇంటి వైరు వేయొద్దు, బిరుసుగా ఉండి ప్లేటును కదలనివ్వదు.

వైరు బాగుంటే ఎస్‌యూ పైన ఉన్న నల్లటి మూత విప్పి డ్యాష్‌పాట్ (లోపలి పిస్టన్ కదలికను నెమ్మదింపజేసే గొట్టం) ఆయిల్ చూడండి. ఎండిపోయి ఉంటే తొక్కగానే ఒక క్షణం బండి తడబడుతుంది.

అవుటర్ రింగ్ రోడ్డు మీద స్పీడులో బలం తగ్గిపోవడం

ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి పోతే గాలి రంధ్రం మూసుకుపోయింది. తర్వాత పంపు. ఇంజిన్ ఆపి తాళం తిప్పితే వెనక నుంచి టిక్ టిక్ అని కాసేపు కొట్టి ఆగాలి. ఆగకుండా కొడుతుంటే ఎక్కడో లీకు, లేదా పెట్రోలు రావట్లేదు.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20. ఇరవై శాతం ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరిచి పొట్టులా రాలుస్తుంది, ఆ నల్లటి నలుసులు కార్బొరేటర్‌లోకి పెట్రోలు వదిలే ఫ్లోట్ నీడిల్‌లో ఇరుక్కుంటాయి. రాణిగంజ్‌లో పైపు కొనేటప్పుడు మీటరు లెక్కన ఏదో ఒకటి తీసుకోకుండా, మీద ఆర్9 (ఇథనాల్‌ను తట్టుకునే రకం) అని ముద్ర ఉన్నది అడగండి. ఇథనాల్ వల్ల మిక్స్చర్ పల్చబడి కార్బొరేటర్ ఎదురు తుమ్ముతుంది, ప్లగ్గులు తెల్లగా వస్తాయి. స్పార్క్ అంతా సరిగ్గా ఉందని తేలాకే జెట్ నట్టును ఒక్క పలక చొప్పున కిందికి తిప్పండి, రెండు కార్బొరేటర్లలోనూ సమానంగా.

వానాకాలంలో

రాత్రి సెల్లార్‌లో లైట్లార్పి బానెట్ ఎత్తండి. వైర్ల మీద నీలం మెరుపులు పాకుతుంటే సెట్టు మార్చాల్సిందే. క్యాప్ లోపల పెన్సిల్ గీతలా కనిపిస్తే తుడిచి లాభం లేదు, కొత్తది వేయాలి.

ఇవన్నీ బాగున్నా మిస్ పోకపోతే

కంప్రెషన్ చూడండి. ఇంజిన్ వేడిగా, ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి. పక్కపక్కన ఉన్న రెండూ తక్కువ చూపిస్తే హెడ్ గాస్కెట్. ఒక్కటే తక్కువైతే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు. స్లోలో మిస్ అవుతూ రేస్ చేస్తే సర్దుకునే బండిలో హెడ్ విప్పేముందు ట్యాపెట్లు, అంటే వాల్వుల మీది గ్యాప్, చూడాలి. చల్లటి ఇంజిన్ మీద 0.38 మి.మీ. ముందు నుంచి లెక్కపెడితే వాల్వులు ఎనిమిది. ఒకటోది పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఎనిమిదోది సెట్ చేయాలి, మూడోది నొక్కుకున్నప్పుడు ఆరోది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిది రావాలి. లాక్ నట్టు బిగించాక గేజ్ మళ్లీ పెట్టి చూడండి, బిగించేటప్పుడు గ్యాప్ మారుతుంది.