ఇటాలియన్ నేర్చుకుందాం - 9: కాసేపు ‘లైక్’ని మర్చిపోండి

‘నాకు కాఫీ ఇష్టం’ అని ఇటాలియన్‌లో రాయమని పోయిన పాఠంలో అడిగాను. ‘ఈయొ పియాచ్చొ’ అని మొదలుపెట్టి ఉంటే తప్పు మీది కాదు, ఇంగ్లీషుది. ‘ఐ లైక్’లో ఇష్టపడేది నేను కాబట్టి ‘నేను’తో మొదలుపెట్టాం. కానీ ‘ఈయొ పియాచ్చొ’ అంటే ‘నేను నచ్చుతాను’ అని. ఎవరికి? కాఫీకా?

తెలుగులోంచి నేరుగా వెళ్ళండి. నాకు అంటే మి, నచ్చుతుంది అంటే పియాచె. ‘మి పియాచె ఇల్ కఫ్ఫె.’ అయిపోయింది. అదే పిల్లులైతే మనం ‘నచ్చుతాయి’ అంటాం కదా, వాళ్ళూ క్రియను బహువచనంలోకి మారుస్తారు: ‘మి పియాచ్చొనొ ఇ గత్తి.’ తెలుగుకీ ఇటాలియన్‌కీ పోలిక అనగానే అందరూ మాటల చివరి అచ్చుల గురించే చెబుతారు. నన్నడిగితే నేర్చుకునేవాళ్ళకి పనికొచ్చే పోలిక ఇది.

ఇంకా ముందుకెళ్దాం. ‘నువ్వు నాకు నచ్చావు’లో క్రియ ‘నువ్వు’ని బట్టి ఉంది. ఇటాలియన్‌లోనూ అంతే: ‘మి పియాచి.’ ‘నేను నీకు నచ్చానా?’ అంటే ‘తి పియాచ్చొ?’ ఇంగ్లీషులో చదువుకున్నవాళ్ళు దీని దగ్గర తల పట్టుకుంటారు, మనకి ఆ టెన్షన్ లేదు. ఒక్క జాగ్రత్త: ‘మి పియాచి’లో మనసు పారేసుకున్న ధ్వని ఉంటుంది. ఆఫీసులో పక్క సీటాయన మంచివాడనిపిస్తే ‘మి సెయ్ సింపాతికొ’ అనండి. ఆవిడైతే ‘సింపాతిక’.

ఇక మిగతా ‘లైక్’లు. పోలిక చెప్పే ‘లాగా’కి ‘కొమె’: ‘కాంత కొమె తె’ అంటే ‘నీలాగా పాడుతుంది’. అమ్మ పోలిక వచ్చిందనడానికి మాత్రం వేరే క్రియ ఉంది: ‘అస్సొమీల్య ఆ సువ మాద్రె.’ ‘రోమ్ ఎలా ఉంటుంది?’ అని అడగడానికి ఇంగ్లీషులో ‘లైక్’ కావాలి. ఇటాలియన్‌లో ‘కొమే రోమ?’ చాలు.

హోటల్లో ‘ఐ వుడ్ లైక్’ అనే చోట ‘వొర్రెయ్ ఉన్ కఫ్ఫె’ అనాలి. అక్కడ ‘మి పియాచె’ అంటే మీ అభిరుచి చెప్పినట్టవుతుంది, కాఫీ రాకపోవచ్చు. ‘నీకు ఐస్‌క్రీం తినాలనుందా?’ అన్నది ‘తి వా ఉన్ జెలాతొ?’ ఇక్కడా ‘నీకు’తోనే మొదలు, చూశారా.

ఫేస్‌బుక్‌లో ఇటాలియన్ల లైక్ బటన్ మీద కూడా ‘మి పియాచె’ అనే ఉంటుంది.

ఈసారి ఇంటిపని: ‘నాకు పుస్తకాలు నచ్చుతాయి’, ‘నీకు కాఫీ తాగాలనుందా?’ పుస్తకాలు అంటే ‘ఇ లీబ్రి’. తిన్నాక ‘పిజ్జా నచ్చింది’ అనడానికి ఇంకో రూపం కావాలి, అది పదో పాఠంలో.