ఆదివారం సాయంత్రం మొదలయ్యే కడుపునొప్పి: ఆటిజం ఉన్న పిల్లలు, బడి భయం

మా వాడికి తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది (మెదడు ఎదుగుదలలో ఉండే తేడా, దానివల్ల నలుగురితో మెలగడం, చప్పుళ్లు, మార్పులు తట్టుకోవడం కష్టమవుతాయి), మామూలు బడికే వెళ్తాడు. ఈ మూడేళ్లలో మాకు ఎదురైన ఇబ్బందులు, వాటి వెనక ఉన్న కారణాలు, పనిచేసిన ఉపాయాలు రాస్తున్నాను. వీటిలో చాలావాటిని మేమూ మొదట మొండితనమే అనుకుని తిట్టాం. భయంతో ఉన్న పిల్లాణ్ని తిట్టామని తర్వాత తెలిసి చాలా బాధపడ్డాం.

సమస్య: ఆదివారం సాయంత్రం కడుపునొప్పి, సోమవారం పొద్దున వాంతి, "సరే, ఇవాళ వద్దులే" అనగానే మాయం

మాయమైంది కాబట్టి నాటకం అనేస్తారు. కాదండీ. టెన్షన్ వల్ల వచ్చే నొప్పి నిజం నొప్పే, టెన్షన్ తగ్గితే అదీ తగ్గుతుంది. ముందు పిల్లల డాక్టరుకు చూపించి ఒంట్లో వేరే ఏమీ లేదని తేల్చుకోండి. ఆ తర్వాత "బడికి ఎందుకు వెళ్లవు?" అని అడగడం మానేయండి, చాలామంది పిల్లలకు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం రాదు.

మేం ఒక కాగితం మీద బడి రోజంతా బొమ్మలు గీశాం: ఆటో, ప్రేయర్, మొదటి పీరియడ్, ఇంటర్వెల్, భోజనం, ఆటలు, మళ్లీ ఆటో. ఇష్టమైనదానికి ఆకుపచ్చ, భయమేసేదానికి ఎరుపు వెయ్యమన్నాం. లెక్కల పీరియడ్‌కి ఎరుపు వేస్తాడనుకుంటే ఇంటర్వెల్‌కి వేశాడు, కాగితం చిరిగేంత గట్టిగా రుద్దాడు. అప్పుడు వెలిగింది, వాటర్ బాటిల్ రోజూ నిండుగానే తిరిగొస్తోందని. నీళ్లు తాగితే బాత్రూంకి వెళ్లాలి, అక్కడ తోసుకుంటూ పిల్లలు, దబదబా తలుపుల చప్పుడు, ఫినాయిల్ వాసన, పడని గడియ. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాహంతో, ఉగ్గబట్టుకుని కూర్చునేవాడు.

క్లాస్ టీచరుతో మాట్లాడితే బెల్లుకు ఐదు నిమిషాల ముందు వాణ్ని ఒక్కణ్నే పంపడానికి ఒప్పుకున్నారు, అంతే, పైసా ఖర్చు లేదు. నొప్పి వెంటనే పోలేదు గాని మూడో వారానికి బాటిల్ సగం ఖాళీ అయి రావడం మొదలైంది.

ఒక జాగ్రత్త. ఏడుస్తున్నాడని వారాల తరబడి మాన్పిస్తే భయం ఇంకా ముదురుతుంది, ఈడ్చుకెళ్లి దింపినా అంతే. కారణాన్ని సరిచేస్తూ, రోజుకు రెండు పీరియడ్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోవాలి.

సమస్య: బడిలో "బంగారంలాంటి పిల్లాడండీ", ఇంటికి రాగానే బ్యాగు విసరడం, చెల్లెల్ని కొట్టడం

రోజంతా చప్పుళ్లనీ, మెడ దగ్గర గుచ్చుకునే టైనీ, అర్థంకాని ఆటలనీ పళ్ల బిగువున భరించి, భయం లేని చోటికి రాగానే బద్దలవుతారు. కొందరు ఆడపిల్లలు దీన్ని ఎంత బాగా దాచుకుంటారంటే ఆటిజం అని తేలడానికే ఏళ్లు పడుతుంది. ఇంటికొచ్చాక ముప్పావుగంట ఏమీ అడగకండి. యూనిఫాం విప్పేసి, ఇంత పెరుగన్నం పెట్టి, ఫ్యాన్ కింద వదిలేయండి. బడి వదిలిన అరగంటకే ట్యూషన్ ఉంటే దాన్ని మాన్పించండి, నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. మా అత్తయ్యగారు మొదట్లో గారాబం అన్నారు, ఇప్పుడు వాడు వచ్చే వేళకి టీవీ సౌండు తగ్గించేది ఆవిడే.

సమస్య: నోటితో టకటకా చెప్తాడు, నోట్సు మాత్రం సగమే

బద్ధకం కాకపోవచ్చు. రాత దగ్గరే ఇబ్బంది ఉండొచ్చు, లేదా బోర్డు చూసి పుస్తకంలోకి వచ్చేలోపు ధ్యాస జారిపోతుండొచ్చు, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఉన్న పిల్లల్లో ఇది మామూలే. బోర్డు ఫొటో తీసి పంపమని అడగండి. సీబీఎస్‌ఈ పరీక్షల్లో వైకల్య సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, అవసరమైతే రాసిపెట్టే మనిషినీ ఇస్తారు. పదో తరగతి దాకా ఆగకుండా ఆ కాగితాల పని ఇప్పుడే చూసుకోండి.

సమస్య: "ఇలాంటి పిల్లలు మా స్కూల్లో కుదరదండీ"

మాకూ ఒక బడిలో ఈ మాట ఎదురైంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, డిస్లెక్సియా (అక్షరాలు, మాటలు చదవడంలో ఇబ్బంది) లాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి, ఏడీహెచ్‌డీకి మాత్రం విడిగా పేరు లేదు. గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలని, పిల్లల అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలని ఆ చట్టం చెప్తోంది. కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారమే నిషేధం. నోటితో వాదించకండి, ఉత్తరం రాసి ఇచ్చి కాపీ మీద సంతకం తీసుకోండి. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలున్నాయి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం) ఉంది, సలహా కోసం వెళ్లండి.

సమస్య: జూన్‌లో టీచరు మారగానే అన్నీ మళ్లీ మొదటికి

కొత్త టీచరుకు మీ అబ్బాయి గురించి తెలియదు, అంతే. బడి తెరిచే ముందే ఒక్క పేజీ రాసి ఇవ్వండి, రెండు పేజీలైతే చదివే తీరిక వాళ్లకుండదు. మా పేజీలో ఉండేవి ఇవే: చెవులు మూసుకుంటే అది అమర్యాద కాదు. ప్రేయర్‌లో లైను చివర నిలబెట్టండి. టైంటేబుల్ మారితే ముందురోజే చెప్పండి. బెల్లుకు ఐదు నిమిషాల ముందు బాత్రూంకి పంపండి.