పురావస్తు ఫీల్డ్ ట్రిప్‌కు వెళ్లడం ఎలా? జుర్రేరు లోయకు బయలుదేరే విద్యార్థుల కోసం

సుమారు 74 వేల ఏళ్ల క్రితం ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద సముద్రం దాటి, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, మన బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో పడింది. వానలకు చుట్టుపక్కల గుట్టల మీది బూడిద కూడా కొట్టుకొచ్చి జుర్రేరు వాగు లోయలో చేరడంతో కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించిన మందాన పేరుకుంది. ఊరివాళ్లు దాన్ని తవ్వి గిన్నెలు తోమే పొడి కోసం అమ్ముకున్నారు. పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్‌కు చెందిన రవి కోరిశెట్టర్ బృందం అక్కడే తవ్వకాలు జరిపి, బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో ప్రకటించింది. ఆ పనిముట్లు చేసింది మనలాంటి మనుషులా, అంతకు ముందటి జాతివాళ్లా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

కర్నూలు, అనంతపురం, కడపల్లో హిస్టరీ చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి ఫీల్డ్ ట్రిప్ దొరకదు. ఉష్ణమండల దీవికి టికెట్ కొనక్కర్లేదు, ఆ దీవి బూడిదే మన దగ్గరికి వచ్చింది. 2022లో జిల్లాలు విడిపోయాక బనగానపల్లె, బేతంచెర్ల నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. పుస్తకాల్లో మాత్రం ఇప్పటికీ కర్నూలు జిల్లా అనే ఉంటుంది కాబట్టి వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

ముందు కాలం చూసుకోండి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి దాటితే పొద్దున పదకొండుకే పని ఆపేయాల్సి వస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో నల్లరేగడి చెప్పులకు అంటుకుని అడుగు తీసి అడుగు వేయనివ్వదు. ఒక చిక్కు ఉంది. చలికాలంలో నల్లరేగడి చేలల్లో శనగ ఉంటుంది, మొలకెత్తిన చేలో నడవడం కుదరదు. అందుకే జనవరిలో వెళ్తే గుట్టల పాదాలు, బీడు భూములు, వాగు ఒడ్లు చూడండి. చేలు కూడా చూడాలంటే శనగ కోత అయ్యాక వెళ్లండి. అప్పుడు నేల ఖాళీగా ఉంటుంది, చిన్న పెంకు ముక్క కూడా కంటపడుతుంది.

కాగితాలు లేకుండా కదలొద్దు

రాయలసీమలో గుప్తనిధుల పేరుతో రాత్రిళ్లు గుళ్లు, గుట్టలు తవ్వే ముఠాల వార్తలు పేపర్లో తరచూ చూస్తుంటాం. కాబట్టి పదిహేను మంది కుర్రాళ్లు నేల వైపు చూస్తూ పొలాల్లో తిరుగుతుంటే ఊరికి అనుమానం రావడం న్యాయమే. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తీసుకోండి. ఎవరు వస్తున్నారు, ఏ తేదీల్లో వస్తున్నారు, ఏ ఊళ్లు తిరుగుతారు, వెంట ఏ లెక్చరర్ ఉంటారు అన్నవి అందులో ఉండాలి. ఒక కాపీ గ్రామ సచివాలయంలో, ఒకటి దగ్గరి పోలీస్ స్టేషన్లో ఇచ్చి, మూడోది జేబులో పెట్టుకోండి. స్కూల్ భవనంలో బస చేయాలంటే హెడ్‌మాస్టరు అనుమతి వేరుగా తీసుకోవాలి.

తవ్వకం సంగతి పూర్తిగా వేరు. కేంద్ర పురావస్తు శాఖ అనుమతి ఉన్న ప్రాజెక్టు అయితేనే నేలలో పార దిగాలి. విద్యార్థులుగా మీరు సొంతంగా తవ్వగలిగింది ఏమీ లేదు, సరదాగా ఒక గుంట కూడా తవ్వకూడదు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. ఆ పది రూపాయల లెక్క ఇప్పుడు నవ్వు తెప్పిస్తుంది గానీ చట్టం చట్టమే.

ఊళ్లో దిగగానే

బస్సు దిగి నేరుగా గుట్టెక్కకండి. ముందు సర్పంచిని, సచివాలయం సిబ్బందిని కలవండి. ఆ తర్వాత రచ్చకట్ట దగ్గర కూర్చున్న పెద్దవాళ్లతో కాసేపు మాట్లాడండి. టీ కొట్టు కూడా మంచి చోటే. "ఏమప్పా, బంగారమేమన్నా దొరుకుతుందా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. విసుక్కోకుండా, "లేదు పెద్దాయనా, పాతకాలంలో మనుషులు వాడిన రాళ్లు చూడ్డానికి వచ్చినాం" అని చెప్పి, ఫోన్లో రాతి చేతిగొడ్డలి ఫొటో చూపించండి. "ఇట్లాంటివి మా చేను గట్టు కాడ శానా ఉంటాయి" అని ఆయనే దారి చూపించవచ్చు. మ్యాపు మీద వారం వెతికినా దొరకని చోటు అలా దొరుకుతుంది. గొర్రెల కాపర్లను కూడా వదలకండి. ఏ గుట్టలో ఏ గుహ ఉందో, ఏ బండ మీద బొమ్మలున్నాయో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

చేలోకి దిగే ముందు ఆ రైతును అడగాల్సిందే. అడగకుండా దిగితే ఆ పొలమే కాదు, ఊరంతా మీకు మూసుకుపోతుంది.

సంచిలో ఏముండాలి

గట్టి అడుగు ఉన్న బూట్లు, పొడుగు చేతుల చొక్కా, టోపీ లేదా తువ్వాలు, రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టార్చి. పనికి సంబంధించినవి: గళ్ల నోటు పుస్తకం, రెండు పెన్సిళ్లు (చెమటకు, నీళ్లకు పెన్ను ఇంకు చెదురుతుంది), టేపు, దిక్సూచి, ఫొటో స్కేలు, జిప్ కవర్లు, పర్మనెంట్ మార్కర్, పవర్ బ్యాంకు. అమ్మాయిలు శానిటరీ ప్యాడ్లు, వాటిని పడేయడానికి కాగితపు కవర్లు ఇంటి దగ్గరే సర్దుకోవడం మేలు, చిన్న ఊళ్లలో కొట్లు తొందరగా మూసేస్తారు. బస చేసే చోట బాత్‌రూమ్, నీళ్ల సంగతి లెక్చరర్ ముందే కనుక్కోవాలి. అక్కడికెళ్లాక చూసుకుందాం అనే పనుల్లో ఇది ఉండకూడదు.

సర్వే: నడవడమే అసలు పని

అందరూ ఐదు నుంచి పది మీటర్ల దూరంలో వరసగా నిలబడి, ఒకే దిక్కుకు నెమ్మదిగా నడవాలి. కళ్లు నేల మీద ఉండాలి, కబుర్లు తక్కువ ఉండాలి. ఏదైనా కనిపిస్తే చెయ్యెత్తి ఆగండి. తీయకండి. ముందు ఉన్నది ఉన్నట్టుగా పక్కన స్కేలు పెట్టి, ఉత్తరం ఎటో తెలిసేలా ఫొటో తీయండి. తర్వాత ఫోన్ జీపీఎస్‌లో లొకేషన్ చూసి నోటు పుస్తకంలో రాయండి. ఎలాంటి నేల, చుట్టూ ఇంకేమున్నాయి, దున్నిన చేనా బీడా అన్నవీ రాయండి. ఇవన్నీ అయ్యాకే చేతిలోకి తీసుకుని చూడాలి, చూసి మళ్లీ అక్కడే పెట్టాలి. సేకరించడానికి అనుమతి ఉంటే ఆ పని లెక్చరర్ చూసుకుంటారు.

ఇంత పట్టుదల ఎందుకని చాలామంది గొణుగుతారు. ఎక్కడ దొరికిందో తెలియని చేతిగొడ్డలి అల్మరాలో పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. జ్వాలాపురం పనిముట్లనే చూడండి. అవి బూడిద పొరకు కింద ఉన్నాయా పైన ఉన్నాయా అన్న విషయం మీదే వాటి వయసు చాలావరకు ఆధారపడింది. ఎవరైనా వాటిని ఏరి సంచిలో వేసుకుని ఉంటే ప్రపంచమంతా మాట్లాడుకున్న ఆ సంగతి బయటకే వచ్చేది కాదు.

ఇక పనిముట్టును గుర్తుపట్టడం. మనిషి కొట్టి పెచ్చు తీసిన రాయికి దెబ్బ తగిలిన చోట చిన్న బుడిపె ఉంటుంది. అక్కడి నుంచి అలల్లాంటి గీతలు వంపుగా వెళ్తాయి. అంచు వెంట పెచ్చులు ఒక వరసలో లేచిపోయి ఉంటాయి. కానీ ఈ ప్రాంతంలో ఒక పెద్ద మోసం ఉంది. బేతంచెర్ల, బనగానపల్లె అంటేనే నాపరాళ్లు. గనుల చుట్టూ, పాలిష్ ఫ్యాక్టరీల పక్కన పదునైన సున్నపురాయి ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. మొదటి రోజు ప్రతి విద్యార్థికీ అవన్నీ ఆదిమానవుడి కత్తుల్లాగే కనిపిస్తాయి. ట్రాక్టరు నాగలి తగిలిన రాయికి కూడా పెచ్చు లేస్తుంది. తేడా తెలియాలంటే రంగు చూడండి. పాత పెచ్చు పడిన చోట కూడా రాయి మిగతా భాగంలాగే మాగి, మాసి ఉంటుంది. కొత్తగా పగిలిన చోటు తాజాగా, లోపలి రంగుతో మెరుస్తుంది. రాయి జాతి కూడా చూడండి. పనిముట్లకు క్వార్ట్‌జైట్, చెర్ట్, జాస్పర్ లాంటి గట్టి రాళ్లను ఎక్కువగా వాడారు. అయితే జుర్రేరు లోయలో సున్నపురాయితోనూ చేశారు కాబట్టి రాయి జాతి ఒక్కటే చూసి కొట్టిపారేయొద్దు.

కుండపెంకుల్లో మామూలు ముక్కల కన్నా మూతి అంచులు, అడుగు భాగాలు, రంగు గీతలున్నవి ఎక్కువ చెప్తాయి, అంచును బట్టి కుండ ఆకారం తెలుస్తుంది. బనగానపల్లె దగ్గరి పాతపాడులో దొరికిన రంగు గీతల కుండలకు ఆ ఊరి పేరే పెట్టారు. పక్క ఊరి పేరు పాఠ్యపుస్తకంలో ఉందని తెలిస్తే పిల్లలకు ఉత్సాహం వస్తుంది, ముందే చెప్పి తీసుకెళ్లండి.

గుహల రోజు

బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహలకు ఒక పూట కేటాయించండి. ఊళ్లో బిలస్వర్గం అంటేనే దారి చెప్తారు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో, ఆయన కొడుకు హెన్రీ ఆ వెంటనే ఇక్కడ తవ్వి జంతువుల ఎముకలు బయటికి తీశారు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించి దేశంలో ఈ చదువుకు తలుపు తీసింది ఆ ఫుటే. గుహలో గబ్బిలాల మీదికి టార్చి వేయొద్దు. రెట్టలున్న చోట మాస్కు పెట్టుకోండి. రాతి పగుళ్లలో తేనెతుట్టెలు ఉంటే గొంతు తగ్గించి పక్క నుంచి వెళ్లిపోండి. సెంటు పూసుకుని రావద్దని ముందు రోజే చెప్పాలి. గోడల మీద గీతలు, రంగులు కనిపిస్తే చేత్తో తాకకండి, బాగా కనిపించాలని నీళ్లు అసలే చల్లకండి.

తవ్వకం జరుగుతున్న చోట సాయానికి వెళ్తే

ట్రెంచ్ (తవ్విన గుంట) అంచున నిలబడకూడదు, కూర్చోకూడదు. గోడ విరిగితే పొరల సాక్ష్యం పోతుంది, కింద ఉన్నవాళ్లకు దెబ్బ తగులుతుంది. తాపీతో గీకుతూ మట్టిని పలచగా తీయాలి, పొడవకూడదు. మట్టి రంగు మారినా, చేతికి తగిలే గట్టిదనం మారినా ఆగి సూపర్‌వైజర్ని పిలవండి. ఈ విషయంలో కూలికి వచ్చే ఊరి ఆడవాళ్ల మాట వినండి. రోజూ మట్టితో పని చేసేవాళ్ల చేతులకు తేడా తొందరగా తెలుస్తుంది. బొగ్గు ముక్క కనిపిస్తే చేత్తో పట్టుకోకుండా తాపీ మొనతో తీసి అల్యూమినియం రేకులో చుట్టండి. కాలం లెక్కించడానికి పంపాల్సింది అదే. ప్రతి సంచికీ రెండు చీటీలు, ఒకటి లోపల, ఒకటి బయట. బయటిది చెరిగిపోవడం మామూలే.

తిండి, నిద్ర, ఒళ్లు

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఉంటే చాలు, మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తు రాదు. బజ్జీలు మాత్రం రెండుతో ఆపండి, ఎండలో తిరగాలి. మధ్యాహ్నానికి జొన్నరొట్టె, పచ్చడి, మజ్జిగ కట్టించుకుంటే చెడిపోవు, మోయడానికీ తేలిక. స్కూల్ గదుల్లో నాపరాళ్ల నేల చలికాలం రాత్రి ఎముకలు కొరికేంత చల్లగా ఉంటుంది. ఒక దుప్పటి కిందికి, ఒకటి పైకి తెచ్చుకోండి.

రాయి ఎత్తే ముందు కర్రతో కదిలించండి, కింద తేళ్లు ఉంటాయి. పొద్దున బూట్లు దులిపి వేసుకోండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నోటితో పీల్చడం చేయొద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా ఉంచి 108కు ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి. సిగ్నల్ ఏ చోట అందుతుందో మొదటి రోజే చూసి పెట్టుకుంటే అప్పుడు టెన్షన్ ఉండదు.

సాయంత్రం గంట

అందరికీ నిద్ర ముంచుకొచ్చే వేళ ఇది, కానీ వదలకూడని గంట కూడా ఇదే. ఆ రోజు నోట్సు అదే రోజు పూర్తి చేయాలి. రేపు రాద్దామంటే ఏ పెంకు ఏ గట్టు దగ్గరిదో కలగాపులగం అవుతుంది. ఫొటో నంబర్లు నోటు పుస్తకంలోని నంబర్లతో సరిచూసి, ఫోన్ నుంచి ఇంకోచోట కాపీ చేయండి. సేకరించిన కుండపెంకులుంటే మెత్తని బ్రష్షుతో కడిగి నీడలో ఆరబెట్టండి. రంగు గీతలున్నవాటిని, ఎముకలను లెక్చరర్ని అడగకుండా కడగొద్దు.

తిరుగు ప్రయాణం, రిపోర్టు

ఒక రోజు మిగిలితే జొన్నగిరి దగ్గరి యర్రగుడికి వెళ్లి అశోకుడి శాసనాలు చూడండి. అక్కడి చిన్న శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. బ్రాహ్మి లిపి నేర్చుకుంటున్నవాళ్లు అచ్చు ప్రతి చేతిలో పట్టుకుని అక్కడే చదవడానికి ప్రయత్నించండి. తొలకరి వానల్లో మాత్రం ఆ చుట్టుపక్కల చేలల్లో వజ్రాలు వెతికే జనం నిండిపోతారు. ఆ గుంపులో మీరు సర్వే చేస్తున్నామంటే ఎవరూ నమ్మరు.

ఇంటికి చేరాక పది రోజుల్లోపు రిపోర్టు ఇచ్చేయండి. చూసిన చోట్ల మ్యాపు, నంబర్లతో ఫొటోలు, పగటి నోట్సు సారం, ఏమీ దొరకని చోట్ల జాబితా అందులో ఉండాలి. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. కానీ తర్వాత బ్యాచ్ ఏ గుట్టను మళ్లీ నడవనక్కర్లేదో దాన్ని చూసే తెలుసుకుంటుంది. ఒక కాపీ బస ఇచ్చిన స్కూల్ హెడ్‌మాస్టరుకు పంపండి.