పాత లినక్స్, కొత్త మౌస్, మధ్యలో దుబాసీ

పర్లాకిమిడిలో మా టైపింగు దుకాణం. ఒక మూల 2002 నాటి కంప్యూటర్ ఉంది: పెంటియం 3 ప్రాసెసర్, రెడ్‌హ్యాట్ 7.3 అనే లినక్స్, దాని గుండెకాయ లాంటి 2.4.18 కెర్నెల్. రెండు బియ్యం మిల్లుల చిట్టాలు ఇప్పటికీ దానికి తగిలించిన డాట్‌మాట్రిక్స్ ప్రింటర్ మీదే అచ్చవుతాయి. నాన్న కొన్న యంత్రం. మార్చడానికి నాకు మనసు రాదు, మార్చమని మిల్లువాళ్లూ అడగరు.

మొన్న దాని బంతి మౌస్ పూర్తిగా మొరాయించింది. గుండ్రటి పీఎస్2 పిన్నుల మౌస్ మా బజారులో లేదు, సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లినా లేదు. చివరికి యూఎస్‌బీ మౌస్ కొన్నాను. దానికి ఆకుపచ్చ అడాప్టర్ తొడిగి పాత రంధ్రంలోనే పెట్టి చూశాను గానీ పనిచేయలేదు. ఆ అడాప్టర్ లోపల తీగలు తప్ప మరేమీ ఉండవు. రెండు పద్ధతులూ తెలిసిన మౌస్‌కే అది పనికొస్తుంది, నాది అలాంటిది కాదు. మీరు ప్రయత్నించేటట్టయితే కంప్యూటర్ ఆపి పెట్టండి, నడుస్తుండగా పీఎస్2 తీగ పీకడం, గుచ్చడం మంచిది కాదు.

యూఎస్‌బీ రంధ్రంలో పెట్టగానే అడుగున ఎర్రదీపం వెలిగింది. "అక్కా, దీపం వచ్చింది, పనిచేస్తున్నట్టే" అన్నాడు దుకాణంలో సాయం చేసే కుర్రాడు. తెర మీద బాణం మాత్రం కదలలేదు. దీపానికి కావలసింది 5 వోల్టుల కరెంటే. అది వెలిగినంత మాత్రాన కంప్యూటర్ ఆ మౌస్‌ను గుర్తించిందని కాదు. చాలామంది ఇక్కడ నేరుగా తెర అమరికల ఫైలు తెరిచి దిద్దడం మొదలుపెడతారు. నేనూ మొదటి గంట అదే చేశాను, వృథా. కింది నుంచి పైకి రావాలి.

కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు చిన్న ఇంగ్లీషు అక్షరాలు వాడండి. రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో) లాగిన్ అయి ఉండాలి. మౌస్ లేదు కాబట్టి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 మూడూ కలిపి నొక్కి అక్షరాల తెరకు రండి. తిరిగి బొమ్మల తెరకు ఆల్ట్, ఎఫ్7.

ముందుగా "ఎల్‌ఎస్‌పీసీఐ -వీ" కొట్టి, అది చూపే లోపలి పరికరాల జాబితాలో యూఎస్‌బీ అని ఉన్న వరుస వెతకండి. యూఎస్‌బీని నడిపే చిప్పులు ఇక్కడ రెండు రకాలు. ఇంటెల్, వీఐఏ చిప్పులైతే సాధారణంగా యూహెచ్‌సీఐ రకం. ఎస్ఐఎస్, ఏఎల్ఐ వంటివైతే ఓహెచ్‌సీఐ. అదే వరుసలో ప్రోగ్-ఇఫ్ అనే అంకె కనిపిస్తే సందేహమే ఉండదు: 00 అంటే మొదటిది, 10 అంటే రెండోది. నాది ఇంటెల్, కాబట్టి దాని డ్రైవర్‌ను (పరికరాన్ని నడిపే ప్రోగ్రామును) ఎక్కించడానికి "మోడ్‌ప్రోబ్ యూఎస్‌బీ-యూహెచ్‌సీఐ" కొట్టాను. రెండో రకానికి "మోడ్‌ప్రోబ్ యూఎస్‌బీ-ఓహెచ్‌సీఐ". 2.4 కెర్నెల్‌లో ఉత్త "యూహెచ్‌సీఐ" అనే ఇంకో డ్రైవర్ కూడా ఉంటుంది. రెండింటిలో ఒకదాన్నే ఎక్కించండి.

వరుసే కనిపించకపోతే బయాస్‌లో (యంత్రం వెలిగేటప్పుడు తెరుచుకునే అమరికల్లో) యూఎస్‌బీని ఆపేసి ఉంటారు. అక్కడే కొన్ని యంత్రాల్లో యూఎస్‌బీకి ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ను పిలిచే దారి) కేటాయించాలా అని విడిగా అడుగుతుంది. దాన్ని కూడా ఆన్ చేయండి, లేకపోతే డ్రైవర్ ఎక్కదు.

ఇప్పుడు మౌస్ పీకి మళ్లీ గుచ్చి "డీమెస్‌జీ" కొట్టండి. కెర్నెల్ సందేశాలు వస్తాయి, వాటి చివరి వరుసలు చదవండి, తొందరపడకండి, జవాబు అక్కడే ఉంటుంది. కొత్త పరికరం వచ్చిందనీ దానికి చిరునామా ఇచ్చామనీ ఉంటే తీగ, రంధ్రం బాగున్నట్టే. చిరునామా ఒప్పుకోలేదని, పక్కన మైనస్ 110 అని వస్తే అవతలి నుంచి గడువులోగా జవాబు రాలేదని అర్థం. నాకు మొదట ఇదే వచ్చింది. పొడుగు తీగ తీసేసి మౌస్‌ను నేరుగా వెనుక రంధ్రంలో పెట్టాక పోయింది. అప్పుడు ఇంకో వరుస వచ్చింది: ఈ పరికరాన్ని ఏ డ్రైవరూ తనదని చెప్పుకోలేదని. అంటే అతిథి గుమ్మం దాకా వచ్చాడు, లోపలికి రమ్మనేవాళ్లు లేరు. దీనికి "మోడ్‌ప్రోబ్ హిడ్", ఆ తరువాత "మోడ్‌ప్రోబ్ మౌస్‌డెవ్".

ఈ మౌస్‌డెవ్ గురించి కాస్త చెప్పాలి. మా వైపు సంతలో కొండ మీద నుంచి వచ్చిన సవరలు ఒక భాషలో ధర చెబుతారు, కొనేవాడు తెలుగులోనో ఒడియాలోనో బేరం ఆడతాడు, రెండూ తెలిసినవాడు ఒకడు మధ్యలో నిలబడతాడు. మౌస్‌డెవ్ సరిగ్గా అలాంటి దుబాసీ. యూఎస్‌బీ మౌస్ చెప్పేదాన్ని పాత పీఎస్2 భాషలోకి మార్చి, "/డెవ్/ఇన్‌పుట్/మైస్" అనే ఫైలు ద్వారా బయటకు పంపుతుంది. ఇది అర్థమైతే ముందున్న అమరికలో తప్పు చేయరు.

ఆ ఫైలు ఉందో లేదో "ఎల్ఎస్ -ఎల్ /డెవ్/ఇన్‌పుట్/మైస్" తో చూడండి. 13, 63 అనే అంకెలు కనిపించాలి. లేకపోతే ముందు "ఎంకేడిర్ /డెవ్/ఇన్‌పుట్", తరువాత "ఎంకేనాడ్ /డెవ్/ఇన్‌పుట్/మైస్ సీ 13 63". ఇక పరీక్ష: "క్యాట్ /డెవ్/ఇన్‌పుట్/మైస్" కొట్టి మౌస్ కదపండి. తెర మీద పిచ్చి అక్షరాలు రాలితే సంతోషించండి, కెర్నెల్ వైపు పని అయిపోయింది. కంట్రోల్, సీ నొక్కి ఆపండి. అక్షరాలు తారుమారైతే గుడ్డిగానే "రీసెట్" అని కొట్టండి.

తెర అమరికల ఫైలును ఇప్పుడు తెరవవచ్చు. "/ఈటీసీ/ఎక్స్11" సంచిలో "ఎక్స్ఎఫ్86కాన్ఫిగ్-4" అని ఉంటుంది, కొన్నిటిలో చివరి 4 ఉండదు. ఈ పేరులో ఎక్స్, ఎఫ్, సీ పెద్ద అక్షరాలు, సంచి పేరులో ఎక్స్ కూడా. ముందు నకలు తీసుకోండి. మౌస్ భాగంలో డివైస్ ఎదురుగా "/డెవ్/పీఎస్ఆక్స్" అనో "/డెవ్/మౌస్" అనో ఉంటుంది, అక్కడ "/డెవ్/ఇన్‌పుట్/మైస్" పెట్టండి. ప్రోటోకాల్ ఎదురుగా యూఎస్‌బీ అని రాయాలని చేయి లాగుతుంది. రాయకండి. దుబాసీ మాట్లాడేది పీఎస్2 భాష కదా, కాబట్టి "ఐఎంపీఎస్/2" అని రాయాలి, అన్నీ పెద్ద అక్షరాలే. చక్రం తిరగాలంటే జడ్‌యాక్సిస్‌మ్యాపింగ్ ఎదురుగా "4 5". దాచి, ఆల్ట్, ఎఫ్7తో బొమ్మల తెరకు వెళ్లి కంట్రోల్, ఆల్ట్, బ్యాక్‌స్పేస్ నొక్కితే తెర మళ్లీ మొదలవుతుంది. అక్కడ తెరిచి ఉన్నవన్నీ మూసుకుపోతాయి, ముందే భద్రపరచుకోండి.

మీది 2.6 కెర్నెల్ అయితే పేర్లు మారతాయి: యూహెచ్‌సీఐ-హెచ్‌సీడీ, ఓహెచ్‌సీఐ-హెచ్‌సీడీ, యూఎస్‌బీహిడ్. మిగతా దారి ఇదే.

బాణం కదిలింది. కుర్రాడు టీ తెచ్చాడు. సాయంత్రం కరెంటు పోయి వచ్చేసరికి మౌస్ మళ్లీ కొయ్యబారింది. చేత్తో ఎక్కించిన డ్రైవర్లు యంత్రం ఆగితే పోతాయని తెలిసి కూడా మరిచాను. మోడ్‌ప్రోబ్ వరుసలు మూడింటినీ అదే క్రమంలో "/ఈటీసీ/ఆర్‌సీ.డీ/ఆర్‌సీ.లోకల్" ఫైలు చివర చేర్చండి. ఆ తరువాత నేనే కావాలని రెండుసార్లు ఆపి వెలిగించి చూసుకున్నాను. మిల్లు చిట్టా ఆ రాత్రి తొమ్మిదికి అచ్చయింది.