కథ కదలకపోతే పాత్రల హాజరు తీయండి

కథ బాగానే మొదలైంది, వాక్యాలూ బాగున్నాయి, అయినా నాలుగో పేజీ దగ్గర చతికిలబడింది. ఇలాంటప్పుడు చాలామంది భాష మీద పడి విశేషణాలు మారుస్తారు. నేనైతే ముందు పాత్రల హాజరు తీస్తాను. ఒక్కొక్కరినీ అడిగేది ఒకటే: నువ్వు రాకపోతే ఇక్కడ ఏం ఆగిపోతుంది?

సమస్య: స్నేహితుడు ఊఁ కొట్టడం తప్ప ఏమీ చేయడు

నా పాత కథలోదే ఓ ముక్క, టీ కొట్టు దగ్గర:

"ఏమైందిరా?"
"నాన్న పొలం అమ్మేస్తున్నాడు."
"అయ్యో, ఎందుకు?" అన్నాడు శీను.
"చెల్లి పెళ్లి."

కారణం: శీను వచ్చింది పాఠకుడికి విషయం చేరవేయడానికే. వాడికంటూ ఏమీ అక్కర్లేదు.

ప్రశ్నలు అడిగే పాత్ర ఉండటం తప్పేం కాదు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ వంతలు ఉంటారు. 'తందాన తాన' అని ఊరుకోరు. ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం అందుకుని, కథ ఆపి మరీ నిలదీస్తారు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ చెలికత్తె మాధవి ఇంకా గడుసుది. మొగుడి పేరు నోటితో పలకడానికి సత్యభామ సిగ్గుపడుతుంటే, చెప్పిందాకా వదలదు. అంతటి సత్యభామ మెలికలు తిరగడం మనం చూసేది ఆ అల్లరి వల్లే.

పరిష్కారం: ఆ స్నేహితుడికి ఈ వ్యవహారంలో సొంత లాభమో నష్టమో పెట్టండి. నేను మార్చింది ఇలా:

"రిజిస్ట్రేషన్ ఎప్పుడంట?"
"పొలం సంగతి నీకెవరు చెప్పార్రా?"
శీను టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "కొనేది మా మామయ్యే."

ఇక వాళ్లిద్దరూ ఒకే బండి మీద ఇంటికెళ్లడం కష్టం.

సమస్య: రెండో సగంలో విలన్‌తో ఏం చేయించాలో తోచదు

కారణం: నిప్పు పెట్టే పాత్ర, ఎదురు నిలిచే పాత్ర ఒకటే అనుకోవడం. వాల్మీకి రామాయణంలో మంథర కైక మనసు విరిచేస్తుంది. అయోధ్యకాండలోనే శత్రుఘ్నుడు ఆమెను ఈడ్చి పడేస్తాడు, ఆ తర్వాత కథలో ఆమెకు పని లేదు. ఏమైపోయిందని మనమూ అడగం.

పరిష్కారం: మీ కథలో పుల్లలు పెట్టే పిన్నిని పని అవగానే పంపేయండి. చివరిదాకా ఉంచి ఏడిపించి క్షమాపణ చెప్పించడం సీరియళ్ల పని. ఎదురు నిలిచేవాడు మాత్రం ఆఖరిదాకా ఉండాలి. హీరోకి కావలసిన ఆ ఒక్క ఎకరమే వాడికీ కావాలి, వాడి వైపు నుంచి చూస్తే అది న్యాయంగానే అనిపించాలి.

సమస్య: ఎవరు ఎవరో గుర్తుండటం లేదు

కారణం: పనికో మనిషిని పెట్టడం. వ్లదీమిర్ ప్రాప్ అనే రష్యన్ పండితుడు 100 జానపద కథలు విప్పి చూసి, 1928లో పాత్రలు పోషించే భూమికలు ఏడే అని తేల్చాడు. ఒకే మనిషి రెండు పనులు చేయొచ్చనీ అన్నాడు. మన భామాకలాపంలో సూత్రధారే మాధవి కూడా.

పరిష్కారం: కలిపేయండి. మేనమామ, అప్పిచ్చిన షావుకారు వేరువేరు ఎందుకు? మేనమామే అప్పిస్తే గడువు అడగడానికి నోరు రాదు, సీనుకు అదే బలం. రవి, రాజు, రమణ ఒకే కథలో ఉంటే ఇద్దరి పేర్లు మార్చండి.

సమస్య: హీరోకి అన్నీ జరుగుతాయి, అతను ఏదీ చేయడు

కారణం: చాలాసార్లు ఆ హీరో రచయితే. కిటికీ పక్కన కూర్చుని గమనించడం మనకు అలవాటు.

పరిష్కారం: వెనక్కి తీసుకోలేని పని ఎవరు చేస్తున్నారో చూడండి, కథ వాళ్లది. 'నేను' సంజయుడిలా చెప్పేవాడిగా ఉండిపోవచ్చు. నా పొలం కథలో సంతకం పెట్టేది నాన్న. అది ఒప్పుకోవడానికి నాకు మూడు చిత్తుప్రతులు పట్టాయి. అంత కష్టపడి దిద్దిన టీ కొట్టు సీను ఎగిరిపోయింది. శీను మాత్రం మిగిలాడు, రిజిస్ట్రారాఫీసు బయట మామయ్య బండి దగ్గర, నాన్న కంట పడకుండా అటు తిరిగి నిలబడి.