పరిశోధనల మీద నమ్మకం సడలిందా? ఎక్కడ చెడిందో చూద్దాం

సమస్య: "మూడు రోజుల్లో మీ పేపరు ప్రచురిస్తాం" అంటూ పరిశోధక విద్యార్థి ఫోనుకు సందేశం. కింద రుసుము.

కారణం: పేపర్ల లెక్క. పీహెచ్‌డీకి ముందు పేపరు తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లో తొలగించినా, లెక్కపెట్టే అలవాటు పోలేదు. గిరాకీ ఉన్నచోట దుకాణం వెలుస్తుంది.

పరిష్కారం: మూడు రోజుల్లో సమీక్ష అంటే ఎవరూ చదవలేదని అర్థం, అక్కడే ఆగిపోవచ్చు. ఇంకా ఆశ ఉంటే, వాళ్లిచ్చిన లింకు వదిలేసి ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికలకిచ్చే గుర్తింపు సంఖ్య) పోర్టల్‌లో పత్రికను వెతకండి. సంఖ్య సరిపోయిందని సంబరపడకండి. అసలు పత్రిక పేరు, సంఖ్య రెండూ ఎత్తుకెళ్లిన నకిలీ సైట్లున్నాయి. సంపాదకవర్గంలో ఒకరిని ఎంచుకుని, వారి విశ్వవిద్యాలయం పేజీలో ఉన్న చిరునామాకు మెయిల్ పంపండి. తన పేరు అక్కడ ఉన్నట్టు ఆయనకే తెలియకపోవచ్చు. నమ్మదగిన పత్రికలను చూపే యూజీసీ కేర్ జాబితా 2025లో ఆగిపోయింది కనుక ఈ శ్రమ ఇక మనదే.

సమస్య: తప్పని తేలి పత్రిక ఉపసంహరించిన పేపరు ఇంకా చలామణీలో ఉంది.

కారణం: ఎప్పుడో దించుకున్న పీడీఎఫ్ మీద ఉపసంహరణ ముద్ర ఉండదు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పేపరులో ఉన్నది 12 మంది పిల్లలే. అచ్చువేసిన వైద్య పత్రిక లాన్సెట్ దాన్ని పూర్తిగా ఉపసంహరించింది 2010లో. గాజువాకలో టీకా కార్డు పట్టుకుని తటపటాయించే తల్లికి మొదటి కబురు చేరింది, రెండోది చేరలేదు.

పరిష్కారం: పేపర్లు భద్రపరిచే జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో దాచుకుంటే ఉపసంహరించినవాటిని అదే గుర్తిస్తుంది. ఉపసంహరణలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ సమాచారం 2023 నుంచి, పేపర్ల వివరాలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ ద్వారా అందరికీ ఉచితం. తప్పు దిద్దుకున్న పత్రికను ఎగతాళి చేయకండి. ఎన్నడూ దిద్దుకోనిదాన్నే అనుమానించాలి.

సమస్య: నిన్న కాఫీ మంచిదన్నారు, నేడు చెడ్డదంటున్నారు.

కారణం, పరిష్కారం: ఒక్క అధ్యయనంతో శీర్షిక పెట్టేస్తారు. ఎలుకల మీదా, మనుషుల మీదా అని చూడండి. చాలు.

సమస్య: "మా నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, మళ్లీ రాలేదు" అని ఫిషింగ్ హార్బర్‌లో పరిశోధకుల మీద విసుగు.

కారణం: ఫలితం ఇంగ్లిషులో, చందా కట్టినవారికే తెరుచుకునే పత్రికలో ఉండిపోయింది. చేపలు దొరికే చోట్ల గురించి కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే సూచనల దారి వేరు. ఉపగ్రహం చూపిన సముద్రపు వేడిమి, పచ్చదనం ఆధారంగా తయారై తెలుగులోనూ వస్తాయి. నిజమో కాదో వల తీస్తే తేలిపోతుంది.

పరిష్కారం: జెట్టీ గోడకు ఒక్క పేజీ తెలుగులో అంటించండి. నమూనాలు ఎక్కడ తీశారు, ఏమి తేలింది, ఏది తేలలేదు. అడగడానికి ఒక ఫోను నంబరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక మరపడవలు ఒడ్డునే ఉంటాయి, అప్పుడు వెళ్లండి.